రెండు ఎక్కిళ్ల కారు

నూనె మరక బట్టల మీది నుంచి పోతుంది కానీ పేరు మీది నుంచి పోదు. షామీర్‌పేట, మేడ్చల్ మధ్య ఏ చాయ్ బండి ముందు ఆగినా ఇప్పటికీ ఎవరో ఒకరు "ప్రొఫెసర్ సాబ్, గేర్లు ఎన్ని?" అని అడుగుతారు. నేను చాయ్ సగంలో వదిలేసి బండెక్కుతాను. ఆ ప్రశ్న వెనక ఒక అమెరికా కారు, ఒక ముసలామె వంగని మోకాలు, ఒక గ్రంథాలయం పుస్తకం, ఒక ట్రాక్టరు ఉన్నాయి. ఈ నాలుగింటికీ ఒకదానితో ఒకదానికి ఏ సంబంధమూ లేదు. కలిపిన పెళ్లిళ్ల పేరయ్యను నేను. ఎవరి సాయమూ తీసుకోలేదు.

అది 2012. నేను మేడ్చల్‌లో ఒక రంగుల దుకాణంలో పనిచేసేవాణ్ని. ఇంటర్ రెండోసారి తప్పాక కాలేజీ నన్ను వదిలేసింది, నేను గ్రంథాలయాన్ని పట్టుకున్నాను. పగలంతా రంగులు కలపడం, సాయంత్రం అయ్యేసరికి బీరువా ముందు నిలబడటం. ఏ పుస్తకమైనా సరే. వైద్యం, వాస్తు, ఓడల నిర్మాణం. తేనెటీగల పెంపకం చదివిన వారంలో మా అక్క మొహం గుమ్మడికాయంత అయింది, ఆ సంగతి ఇక్కడ అనవసరం. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు పెద్దలు. నా విషయంలో ఆ సామెత కూడా తప్పు. పోవాలంటే ముందు ఉండాలి కదా.

మా అక్క భర్త సాయిలు బావకు మేడ్చల్ రోడ్డు మీద షెడ్డు ఉంది. కుత్బుల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో పని నేర్చుకొని, తర్వాత సొంతంగా ట్రాక్టర్లు, జీపులు బాగుచేసేవాడు. పుస్తకం ముట్టడు. ఇంజను మీద బొటనవేలు పెట్టి, కళ్లు మూసుకొని, నాడి చూసే వైద్యుడిలాగా "దీనికి వాల్వు పోయింది" అనేవాడు. నాకు మండిపోయేది. బొటనవేలికి ఏం తెలుసు? దానికి విషయసూచిక ఉందా? పేజీ నంబర్లున్నాయా?

ఆ షెడ్డుకు ఒకరోజు షామీర్‌పేట గఫూర్ భాయ్ కారు వచ్చింది. వచ్చిందంటే, నలుగురు తోసుకొచ్చారు. గఫూర్ భాయ్‌ది పశుగ్రాసం వ్యాపారం. కారు మాత్రం వాళ్ల నాన్న కొన్నది, 1964 నాటి అమెరికా బండి. ముందు దీపాలు మేడ్చల్ చేరినా వెనక దీపాలు ఇంకా షామీర్‌పేటలోనే ఉండేంత పొడుగు. దానికి క్లచ్ ఉండదు. గేర్లు అదే మార్చుకుంటుంది. ఆ మార్చుకునే పెట్టె లోపల దొంతరలుగా ప్లేట్లు, రబ్బరు సీళ్లు ఉంటాయి. అవి అరిగిపోతే ఇంజను ఎంత గొంతు చించుకున్నా బండి కదలదు. అవన్నీ కొత్తవి వేయాలి. పేచీ ఏమిటంటే ఒక గేరుబాక్సు సామాను ఇంకో గేరుబాక్సుకు పట్టదు, పక్కింటాయన కట్టుడు పళ్లలాగా.

"సాయిలూ, బిడ్డ నిఖా ఉన్నది. రెండున్నర నెలలే టైమ్," అన్నాడు గఫూర్ భాయ్. "మేడ్చల్‌ల ఫంక్షన్ హాల్. అమ్మీ ఈ గాడీ లేకుంటె రాలేదు."

నిజంగానే రాలేదు. ఆయన తల్లిని ఊరంతా బడీ అమ్మ అంటారు. ఆమె కుడి మోకాలు ఎప్పుడో జారిపడ్డప్పటి నుంచి కర్రలా బిగుసుకుపోయింది, వంగదు. ఆటోలో కూర్చుంటే కాలు బయటికి వచ్చి పక్క బండికి దారి చూపిస్తుంది. జీపు ఎక్కలేదు. ఈ కారు వెనక సీటు మంచమంత వెడల్పు, అందులో కాలు చాపుకొని రాణిలా కూర్చోగలదు. అంబులెన్సు మాట ఎత్తితే "మనుమరాలి పెండ్లికి నన్ను పండవెట్టి తీస్కపోతరా? పీనుగునా నేను?" అని కర్ర ఎత్తిందట. అంటే కారు కదిలితేనే ఆమె పెళ్లి చూస్తుంది. లెక్క అంతే.

ఈ వార్త వినగానే నా గుండె ఉప్పొంగింది. ఎందుకంటే అమెరికా కార్ల ఆటోమేటిక్ గేరుబాక్సుల మరమ్మతు గురించి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి మా గ్రంథాలయంలో ఉందని ఈ జిల్లాలో నాకొక్కడికే తెలుసు. ఎవరో రిటైరైన ఇంజనీరు దానం చేశాడు. అప్పటిదాకా కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టేవారు. నేను విడిపించి తెచ్చాను.

పుస్తకానికి అట్ట చిరిగిపోయి ఉంది. నాదొక మంచి అలవాటు. అరువు తెచ్చిన పుస్తకాన్ని అట్ట వేయకుండా చదవను. నేరుగా షెడ్డుకు వెళ్లాను. సాయిలు బావ చాయ్‌కి పోయాడు. గోడకు మేకు మీద పాత క్యాలెండర్లు, అట్టముక్కలు వేలాడుతున్నాయి. అన్నిటికంటే పైన మంచి గట్టి అట్ట. అంచుల వెంట చిన్న చిన్న రంధ్రాలున్నాయి, ఏదో సామాను పెట్టెది అనుకున్నాను. ఒక మూల వాలుగా తెగి ఉంది, అక్కడ క్యాలెండరు కాగితం అతికించాను. కత్తిరించడం పాపమని అంచులు లోపలికి మడిచి, సూది దారంతో కుట్టాను. ముచ్చటగా కుదిరింది. గ్రంథాలయం అయ్యగారు చూసి "అందరూ నీలా ఉంటే ఎంత బాగుండేది," అన్నారు. అందరూ నాలా ఉంటే ఈ దేశంలో ఒక్క బండీ నడవదని ఆయనకు తెలియదు పాపం.

ఈ అట్ట సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం మరిచిపోయాను.

రెండు రోజుల తర్వాత పుస్తకం చంకలో పెట్టుకొని షెడ్డులో దిగాను.

"బావా, ఇక నువ్వు నిశ్చింతగా ఉండు. సామాన్లు నేను ఎంచుతాను."

"నువ్వా?" సాయిలు బావ నన్ను కింది నుంచి పైకి చూశాడు. "మొన్న స్కూటర్ ప్లగ్గు విప్పమంటే సీటు విప్పినవ్."

"అది అనుభవం. ఇది శాస్త్రం. కారు పేరు, సంవత్సరం తెలిస్తే చాలు, అందులో ఏ గేరుబాక్సు ఉంటుందో, దానికి ఏ కిట్టు కావాలో ఈ పుస్తకంలో ఉంది."

"గంత పరేషాన్ ఎందుకురా? నేను మొన్ననే దాని కింది ఛాంబర్ విప్పి ప్యాకింగ్ కొట్టిపెట్టిన. గది బొంబాయి సేట్‌కు పంపితె ఆయన్నే సూసి పంపుతడు."

ప్యాకింగ్ కొట్టడమంటే తెలియనివాళ్లకు చెబుతాను. గేరుబాక్సు అడుగున నూనె నిలిచే రేకు పళ్లెం ఉంటుంది, మెకానిక్‌లు దాన్ని ఛాంబర్ అంటారు. నూనె కారకుండా దానికీ గేరుబాక్సుకూ మధ్య వేసే అట్టే ప్యాకింగ్. ఛాంబర్ అంచు మీద అట్ట పరిచి సుత్తితో మెల్లగా చుట్టూ తడితే ఛాంబర్ ఆకారం, బోల్టు రంధ్రాలతో సహా అట్ట మీద దిగుతుంది. ఏ గేరుబాక్సుకు ఆ ఆకారం. మన దగ్గర నట్టు కొనాలన్నా పాత నట్టు జేబులో వేసుకొని పోతారు కదా, అదే పద్ధతి. సాంపిల్. నాకు ఆ పద్ధతి చూస్తే ఒళ్లు జలదరించేది. మనుషులు చంద్రుడి మీద దిగారు, మేము ఇంకా అట్టముక్క మీదే ఉన్నామని.

"పో, మేకుకు పెట్టిన, తీస్కరా," అన్నాడు బావ.

వెళ్లి చూశాను. మేకు ఉంది, క్యాలెండర్లున్నాయి. "ఇక్కడ ఏం లేదు బావా."

"లేకుంటె ఏడికి పోతది? ఎల్క గిట్ల గుంజుకపోయిందా?"

"ఎలుకలకు అట్టతో ఏం పని?" అని నవ్వాను. చంకలో పుస్తకాన్ని సర్దుకొని మరీ నవ్వాను.

"పోనీ, మల్ల కొడ్త. ఛాంబర్ విప్పుత ఆగు."

"విప్పకు!" అని అరిచాను. "దుమ్ము చేరితే గేరుబాక్సు పాడవుతుందని నూట పన్నెండో పేజీలో ఉంది. కిట్టు వచ్చాక ఒకేసారి విప్పుదువు."

సాయిలు బావ పానా కింద పెట్టాడు. ఆయనకు చదువు మీద మర్యాద ఉంది. అదే మా కొంప ముంచింది.

బండి కాగితాలు చూడటానికి షామీర్‌పేట వెళ్లాను. బడీ అమ్మ వరండాలో తఖ్తు బల్ల మీద కాలు చాపుకొని బీరకాయ చెక్కు తీస్తోంది. నేను ఎవరో, ఎందుకొచ్చానో చెప్పాను. పుస్తకం తెరిచి, ఈ కారుకు రెండే గేర్లుంటాయని కూడా వివరించాను. అడగలేదు, అయినా వివరించాను.

"రెండా?" అంది బడీ అమ్మ. "నేను నలభై ఏండ్ల సంది దాంట్ల కూసుంటున్న బేటా. తొవ్వల రెండుసార్లు ఎక్కిళ్లు పెడ్తది. ఊరు దాటంగనే ఒకటి. చెర్వు కట్ట కాడ ఇంకొకటి."

"ఒక్కటే అయి ఉంటుంది అమ్మా. ఒకటో గేరు నుంచి రెండో గేరుకు పోయేటప్పుడు ఒక కుదుపు. రెండు గేర్లకు ఒకటే ఎక్కిలి. రెండు ఎక్కిళ్లు రావాలంటే మూడు గేర్లుండాలి. పుస్తకంలో అలా లేదు."

బడీ అమ్మ బీరకాయ పక్కన పెట్టింది. "గట్లనా? మరి రెండో ఎక్కిలి ఎవరిది? నాదా?"

ఇంట్లో ఆడపిల్లలు తలుపు వెనక నవ్వారు. నేను జాలిగా చిరునవ్వు నవ్వాను, చదువుకోనివాళ్ల మీద చదువుకున్నవాళ్లు నవ్వేది. ఇప్పుడు ఆ చిరునవ్వు గుర్తొస్తే దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది.

మూడో హెచ్చరిక బొంబాయి నుంచి వచ్చింది. పాత కార్ల సామాన్ల సేట్‌కు ఫోన్ చేసి కారు పేరు, సంవత్సరం, పుస్తకంలో ఉన్న గేరుబాక్సు పేరు గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"అది సరే. సాంపిల్ ఉందా?" అని సేట్ హిందీలో అడిగాడు. "లేకపోతే ఛాంబర్‌కు బోల్టులు ఎన్నో లెక్కపెట్టి చెప్పు."

"పద్నాలుగు."

"లెక్కపెట్టావా?"

"పుస్తకంలో ఉంది."

"భాయ్, నేను పుస్తకానికి సామాను పంపట్లేదు, బండికి పంపుతున్నా. కింద పడుకొని చూడు."

"పేజీ నంబరు చెప్పనా?" అన్నాను.

అవతలి వైపు ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. బొంబాయి సముద్రపు గాలేమో అనుకున్నాను.

కిట్టు ఎక్కడో విదేశం నుంచి రావాలి, రెండు నెలలు పట్టింది. పెళ్లికి సరిగ్గా పన్నెండు రోజులుందనగా పెట్టె దిగింది. అందరం షెడ్డులో చేరాం. నేను కొబ్బరికాయ కూడా తెచ్చాను. సాయిలు బావ గేరుబాక్సు దించి, బల్ల మీద పెట్టి విప్పాడు. కొత్త ప్లేటు తీసి పాతదాని మీద పెట్టాడు. చపాతీ మీద పూరీ పెట్టినట్టుంది. ఇంకొకటి పెట్టాడు. అదీ అంతే. చివరికి కిట్టులో వచ్చిన ప్యాకింగ్ తీసి ఛాంబర్ మీద పరిచాడు. ఒక వైపు పొడుగు, ఇంకో వైపు పొట్టి.

"పద్నాలుగు బొక్కలున్నయి దీనికి," అన్నాడు మెల్లగా. "ఛాంబర్‌కు పదమూడే ఉన్నయి."

"ఒకటి నువ్వు పూడ్చేశావేమో చూడు బావా."

ఆ మాటకు సాయిలు బావ చేతిలోని సుత్తి ఒక్క క్షణం గాల్లో ఆగింది. మా అక్క పుణ్యమా అని అది బల్ల మీదే దిగింది.

"అరే! ఇది మూడు గేర్ల డబ్బ! కారు గదే, డబ్బ గది కాదు. ఎవడో నడుమల మార్సిండు."

గఫూర్ భాయ్ తల పట్టుకున్నాడు. "అవ్, యాదికొచ్చింది. అబ్బాజాన్ ఒకసారి గాడీని నెల రోజులు బొంబాయిల పెట్టిండు. ఏం జేయించిండో మాకేం ఎరుక?"

రెండో ఎక్కిలి ఎవరిదో ఇప్పుడు తెలిసింది. అయినా చూడండి, నా నోరు ఊరుకోలేదు.

"అలా ఎలా మారుస్తారు? పుస్తకంలో స్పష్టంగా ఉంది," అంటూ పుస్తకాన్ని బల్ల మీద బోర్లా తెరిచి పెట్టి కళ్లజోడు కోసం జేబులు తడుముకున్నాను. సాయిలు బావ చూపు దాని మీద పడింది. అలాగే ఉండిపోయింది.

"పుస్తకం మూయి."

"పేజీ చూపిస్తా బావా, ఒక్క..."

"మూయిరా!"

మూశాను. ఆయన నూనె బొటనవేలు అట్ట అంచు మీద పెట్టి జరుపుకుంటూ పోయాడు. "ఒకటి. రెండు. మూడు..." లోపలికి మడిచిన అంచులు కుట్టు తెంపి విప్పాడు. "తొమ్మిది. పది..." అంటూ లెక్క ముగించాడు. పదమూడు. మూలన అతికించిన క్యాలెండరు ముక్క పీకేశాడు. అట్టను ఛాంబర్ మీద పరిచాడు. తాళంలో తాళంచెవి పడ్డట్టు పదమూడు బోల్టులూ పదమూడు రంధ్రాల్లోంచి తలలు పైకెత్తి నా వైపు చూశాయి.

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినవాడు నాకంటే వెయ్యి రెట్లు నయం. వాడు పిల్లను చంకలోనే పెట్టుకున్నాడు. నేను ఆ పిల్లను మడిచి, కుట్టి, మూలకు క్యాలెండరు అతికించి, పైగా ఊరందరినీ "పిల్ల ఎందుకు?" అని అడిగాను.

"ఎల్క," అన్నాడు సాయిలు బావ నన్ను చూస్తూ. "చదువుకున్న ఎల్క."

అట్ట ఆ సాయంత్రమే కొరియర్‌లో బొంబాయికి పోయింది. రెండు రోజులకు సేట్ ఫోన్ చేశాడు. "ఇది చూడగానే తెలిసిపోయింది. సామాను నా దగ్గర లేదు కానీ ఇరవై రోజుల్లో తెప్పిస్తా." పెళ్లికి పది రోజులు. గఫూర్ భాయ్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "అమ్మీకి ఎట్ల చెప్పాలె? కొత్త దుపట్టకు జరీ గూడ కుట్టించుకున్నది," అన్నాడంతే. నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు. దిగని అన్నానికి మా అక్క "పుస్తకం నంజుకో" అంది.

ఉపాయం సాయిలు బావే చెప్పాడు. గేరుబాక్సు లేకపోతే ఏం, చక్రాలు తిరుగుతాయి, స్టీరింగ్ తిరుగుతుంది. వెనక చక్రాలకు పోయే రాడ్డు విప్పేసి, ముందు ఇనుప కడ్డీ వేసి ట్రాక్టరుకు కడితే బండి దానంతట అది పోతున్నట్టే పోతుంది.

"అమ్మీకి తెలిస్తె? నేనేమన్న చెరుకు బండినా అంటది," అన్నాడు గఫూర్ భాయ్.

"తెల్వనియ్యొద్దు. ముంగటి సీటుకు, ఎన్క సీటుకు నడుమల పర్దా కట్టు. పూలు గుచ్చు. స్టీరింగ్ మీద వీడు కూసుంటడు," అన్నాడు బావ, నా వైపు సుత్తి చూపిస్తూ. అది విన్నపం కాదు, తీర్పు.

పెళ్లిరోజు బడీ అమ్మ జరీ దుపట్టా కప్పుకొని, కాలు చాపుకొని, వెనక సీటు నిండా కూర్చుంది. ముందు సాయిలు బావ ట్రాక్టరు. నేను స్టీరింగ్ పట్టుకొని, పళ్లు బిగపట్టి, ఇనుప కడ్డీ వైపే చూస్తూ. చుట్టూ గఫూర్ భాయ్ చుట్టాల స్కూటర్లు. నవ్వు ఆపుకోలేక వాళ్ల స్కూటర్లు వంకర టింకరగా పోతున్నాయి.

"ఇంజన్ సప్పుడు జర బదల్ అయింది గదా?" అంది బడీ అమ్మ పరదా వెనక నుంచి.

"కొత్త సామాన్లు అమ్మా."

"మస్తు బలమున్నట్టున్నది."

"ఉంది అమ్మా. చాలా ఉంది."

సగం దారిలో గాలికి పరదా ఓ పక్కకు తొలగింది. చటుక్కున సర్దాను కానీ ఆలస్యమైంది.

"అరే బేటా! గా ట్రాక్టరోడు గంట సంది మన ముంగటనే సస్తున్నడు గదరా! హారన్ కొట్టు!"

కొట్టాను. ఇంకేం చేయను?

"గట్టిగ కొట్టు! ఇంత పెద్ద గాడీ పెట్టుకొని ట్రాక్టర్ ఎన్క పోతవా? ఓవర్‌టేక్ జెయ్!"

"దారి ఇస్తలేడు అమ్మా."

"ఏం మనిషి వాడు! సిగ్గుండాలె! కొట్టు హారన్!"

మేడ్చల్ వచ్చేదాకా, నన్ను లాగుతున్న ట్రాక్టరునే పక్కకు జరగమని హారన్ కొడుతూ పోయాను. సాయిలు బావ ఒకసారి వెనక్కి తిరిగి, పెళ్లికొడుకులా చేతులెత్తి దండం పెట్టాడు. రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడ్డ జనమంతా ఆ దండాన్ని, ఆ హారన్‌ను, నా మొహాన్ని చూశారు. ఈ లోకంలో నాకు పరువనేది ఏమైనా ఉండి ఉంటే అది ఆ బస్టాపు దగ్గర దిగిపోయింది.

ఫంక్షన్ హాలు ముందు నలుగురు ఆడవాళ్లు బడీ అమ్మను దించారు. ఆమె కర్ర ఊతంతో నిలబడి, వందమంది చూస్తుండగా నన్ను పిలిచింది. నా తల మీద చెయ్యి పెట్టింది.

"ఇంత దూరం వచ్చిన, ఒక్క ఎక్కిలి గూడ పెట్టలే. నలభై ఏండ్లల్ల ఎవ్వనితోని గాలే. పోరడు చదువుకున్నోడు, అందుకే గింత మంచిగ జేసిండు!"

మగ్గులో నీళ్లు తాగుతున్న సాయిలు బావకు పొలమారింది.

పెళ్లయిన పది రోజులకు సరైన సామాన్లు వచ్చాయి. పట్టాల్సినవన్నీ పట్టాయి, కారు గుర్రంలా కదిలింది. బడీ అమ్మను ఎక్కించుకొని గఫూర్ భాయ్ గర్వంగా షామీర్‌పేట దాటాడు. ఊరు దాటగానే ఒక ఎక్కిలి. చెరువు కట్ట దగ్గర ఇంకొకటి. కారు నేరుగా మా షెడ్డు ముందు ఆగింది. బడీ అమ్మ కిటికీలోంచి కర్ర బయటికి చాచింది.

"మల్ల ఖరాబ్ జేసిండ్రు! సాయిలూ, నువ్వు ముట్టకు. పెండ్లినాడు బాగుజేసిన పోరడ్ని పిలువు!"

ఆ అట్టను బొంబాయి సేట్ సామానుతో పాటు తిరిగి పంపాడు. సాయిలు బావ దాన్ని మళ్లీ మేకుకు తగిలించాడు. ఏటా దసరాకు పానాలకు, సుత్తికి బొట్టు పెట్టినప్పుడు దానికీ ఒక బొట్టు పెడతాడు, నన్ను పిలిచి దాని ముందు నిలబెడతాడు. అక్కడ కళ్లు మూసుకొని, చేతులు జోడించి, పదమూడు రంధ్రాల సాక్షిగా నేను చేసే ప్రమాణం ఇది: ఇక మీదట పుస్తకం తెరిచే ముందు బండి కింద పడుకుంటాను. కుళాయి వాషరు కొనాలన్నా పాతది జేబులో వేసుకొని పోతాను. ముసలమ్మల ఎక్కిళ్లను లెక్కలోంచి కొట్టేయను. అరువు పుస్తకానికి అట్ట వేయడం మాత్రం మానను, అది సంస్కారం. కాకపోతే వేసే ముందు రంధ్రాలు లెక్కపెడతాను, పదమూడు తేలితే పుస్తకాన్నే తిరిగి ఇచ్చేస్తాను.